అరచేతిలో శత్రువు

కొత్త యంత్రాలు పరీక్షించే ఇంజనీరు ఆలోచనలో పడితే చేతిలో ఏముంటే అది నోట్లో పెట్టుకుని కొరికేవాడు. ఆ అలవాటే ఆయన ప్రాణం తీసింది.

మిట్టమధ్యాహ్నం. ఆఫీసు నిండా జనం. ఆయన బల్ల మీద మూడు డిజిటల్ ఆర్గనైజర్లు ఉన్నాయి. మూడూ అరచేతిలో ఇమిడేవే. రంగుల స్క్రీన్ ఉన్నదాని పెట్టెలోంచి స్టైలస్ తీశాడు. స్క్రీన్ మీద రాయడానికి ఇచ్చే ప్లాస్టిక్ పుల్ల అది. రెండు అక్షరాలు రాశాడు. ఆగాడు. స్టైలస్ చివర పళ్ళ మధ్య పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. కాసేపటికి పక్క బల్ల గుమస్తా తలెత్తి చూస్తే ఇంజనీరు బల్ల మీద వాలిపోయి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని గుమస్తా నవ్వుకున్నాడు కూడా. టీ తెచ్చినతను భుజం తట్టి లేపబోయాక గానీ మనిషి లేడని ఎవరికీ తెలియలేదు.

సాయంత్రానికల్లా ముల్లుకి పెద్దాయన నుంచి కబురొచ్చింది.

ముల్లు అన్నది సీక్రెట్ సర్వీసులో ఆమెకి పడిన పేరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. ఒకసారి దిగితే ఓ పట్టాన బయటికి రాదు. సర్వీస్ చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన గదిలో రెండో కుర్చీ ఉండదు. వచ్చినవాళ్ళు నిలబడే వినాలి, నిలబడే వెళ్ళిపోవాలి.

"విషం స్టైలస్ చివర పూశారు," అన్నాడాయన, ఫైల్లోంచి తల ఎత్తకుండానే.

తర్వాత సంగతంతా ముక్తసరిగా చెప్పాడు. ఫీల్డులో తిరిగే ఆఫీసర్లకీ, ట్రైనింగ్ స్కూల్లో చదువుకునే కుర్రకారుకీ తలా ఒక ఆర్గనైజర్ ఇవ్వాలని సర్కారు నిర్ణయం. ఆఫీసర్లకి అడ్రసులూ, అపాయింట్‌మెంట్లూ, రిపోర్టులూ. విద్యార్థులకి టైంటేబులూ, నోట్సూ, డిక్షనరీ. రెండు పనులకీ ఒకే మోడల్ కొంటారు. చివరి వడపోతలో మూడు మిగిలాయి. వాటిలో ఒకదానిలో మేస్త్రి ముఠా ట్రాన్స్‌మిటర్ పెట్టిందని ఖాయంగా తెలిసింది. మేస్త్రి ఏ దేశపువాడో, ఎలా ఉంటాడో ఇంతవరకూ ఎవరూ చెప్పలేకపోయారు. అతని ముఠా రహస్యాలు దొంగిలించి, ఎక్కువిచ్చిన దేశానికి అమ్ముతుందని మాత్రం తెలుసు. ఆ మోడల్ ఎంపికైతే దేశంలో ప్రతి సీక్రెట్ ఏజెంట్ జేబులోనూ శత్రువు చెవి ఉన్నట్టే.

"ఏ మోడలో తెలుసా సార్?"

"రంగుల స్క్రీన్‌ది. ఆ కంపెనీ సేల్స్ మేనేజర్ మన మనిషే. కోడ్ నేమ్ నెమలి. ముఠా ఆమెని తమ ఏజెంట్ అనుకుంటోంది. మనకి పని చేస్తోంది."

"మరి నేనెందుకు?"

"ఋజువు కావాలి. ఋజువు లేకపోతే కొనుగోలు కమిటీ ఛైర్మన్ వినడు. ఆయన ఎలాంటివాడో నీకు తెలుసుగా."

తెలియకేం. ఛైర్మన్ స్వయానా ఆమె అక్క మొగుడు. కొన్నేళ్ళ కిందట ఆయన తమ్ముణ్ణి ఓ కుంభకోణంలో అరెస్టు చేయించింది ముల్లే. నేరం ఋజువైంది, శిక్షా పడింది. ఆ రోజు నుంచి అక్క ఇంటి గుమ్మం ఆమెకి మూసుకుపోయింది. అక్క మాట్లాడాలంటే మొగుడు స్నానానికి వెళ్ళినప్పుడు గుసగుసగా ఫోన్ చెయ్యాల్సిందే.

"ముఠా ఆయన్ని కొనేసిందేమో, అదీ చూడు," అన్నాడు పెద్దాయన. ఆ మాట ముల్లుకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. మొహంలో మాత్రం కనపడనివ్వలేదు.

పెద్దాయన బల్ల మీదుగా ఓ పౌడర్ డబ్బా తోశాడు. అద్దం, కుంచె, పౌడర్ అన్నీ ఉన్నాయి. అడుగున ఓ రిసీవర్. మూత తెరిచి ఉంటే దగ్గర్లో ఏ ట్రాన్స్‌మిటర్ పని చేసినా డబ్బా బుస్సుమంటుంది. నెమలిని కలిసినప్పుడు చెప్పుకోవాల్సిన కోడ్ మాటలు కూడా చెప్పి, ఫైల్లోకి తల దూర్చేశాడు. ఇక వెళ్ళమని దానర్థం.

మర్నాడు పొద్దున్నే కమిటీ ఆఫీసుకి ట్రైనింగ్ స్కూల్ లెక్చరర్ ఒకావిడ వచ్చింది. మందపాటి కళ్ళజోడు, నెరిసిన జుట్టు, కొంచెం గూని, చంకలో తోలు సంచి. గేటు దగ్గర నుంచి లిఫ్టు దాకా ఎవరూ రెండోసారి తిరిగి చూడలేదు. ఛైర్మన్ మాత్రం ఒక్క చూపుకే పోల్చుకున్నాడు. పెళ్ళినాటి నుంచీ చూస్తున్న మరదలు. కళ్ళజోడుకి మోసపోతాడా?

నలుగురిలో ఏమీ అనలేదు. కాగితాలు చూసి, స్కూలు తరఫున వచ్చారు కాబట్టి చూడాల్సింది చూసి, చెప్పాల్సింది రాసిచ్చి దయచెయ్యమన్నాడు. వరండాలో ఇద్దరే మిగిలాక ఆయన గొంతు మారింది.

"మా తమ్ముడు చాలలేదా నీకు? ఇప్పుడు నా వంతా?"

"నేను వచ్చింది మీ కోసం కాదు బావా. ఇక్కడ ఓ మనిషి చచ్చిపోయాడు."

"నువ్వు అడుగు పెట్టిన చోటల్లా ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. రేపు కమిటీ అయ్యేదాకా నా కంటికి కనపడకు."

ముల్లు, చచ్చిపోయిన ఇంజనీరు యంత్రాలు పరీక్షించే చిన్న గదిలో కూర్చుంది. కుర్చీ, బల్ల, అటక మీద అట్టపెట్టెలు. సొరుగు లాగితే దాని నిండా వాడిపారేసిన పెన్సిల్ సెల్స్ గలగలమన్నాయి. సొరుగు మూసేసి పనిలో పడింది.

ముందు రంగుల స్క్రీన్‌ది పట్టుకుంది. చూడటానికి ముచ్చటగా ఉంది. ఫొటోలు, పాటలు, సమస్తం. కానీ ఎండలోకి తీసుకెళ్తే స్క్రీన్ మీద తన మొహం తప్ప మరేం కనపడలేదు. ఛార్జింగ్ పూట గడిచేసరికి నీరసించిపోయింది. రెండోది బూడిదరంగు స్క్రీన్‌ది. ఏ ఆర్భాటమూ లేదు. చొక్కా జేబులో పడుతుంది, ఎండలో శుభ్రంగా కనపడుతుంది, రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే వారాల తరబడి నడుస్తుందని పెట్టె మీద రాసి ఉంది. మూడోది కీబోర్డు ఉన్నది. ఇటుకంత బరువు. నోట్సు మాత్రం టకటకా టైప్ చేసుకోవచ్చు. ఎవరినడిగినా బూడిదరంగుదే కొనమంటారు. ముల్లుకీ అదే నచ్చింది.

మూడింటినీ ఆన్ చేసి పక్కన పౌడర్ డబ్బా తెరిచి పెట్టింది. డబ్బా ఉలకలేదు, పలకలేదు.

మధ్యాహ్నం నెమలి వచ్చింది. ఆమె వస్తోందని చెప్పుల చప్పుడు కంటే ముందు సెంటు చెప్పింది. ఆఫీసంతా ఫైళ్ళు పక్కన పెట్టి ఆమెనే చూసింది. తన కంపెనీ మోడల్ గురించి ఎంత ఊదరగొట్టిందంటే, విన్నవాళ్ళకి దాని మీద ఉన్న కాస్త ఇష్టం కూడా పోయింది. అందరూ కదిలాక ముల్లు దగ్గరికొచ్చి నిలబడింది.

"ఛార్జింగ్ ఎంతుంది మేడమ్?"

"పొద్దు గూకేదాకా వస్తుంది."

కోడ్ కుదిరింది. నెమలి నవ్వు మాయమైంది. ట్రాన్స్‌మిటర్ తన మోడల్లోనే ఉందనీ, స్టైలస్‌కి విషం పూసింది తన కంపెనీ స్టోర్ కీపరేననీ, ముల్లు కమిటీలో లేచి ఆ మాట చెబితే చాలనీ వివరించింది. ఋజువు అడిగితే రేపు మీటింగులో తానే ఇస్తానంది. అంత తేలిగ్గా దొరికే ఋజువంటే ముల్లుకి పడదు. ఎవరైనా సొంత సరుకు పెట్టెలోనే విషం పెట్టి, దాన్ని కొనాల్సినవాణ్ణి చంపుతారా?

ఆ మధ్యాహ్నమంతా బూడిదరంగు దానిలో స్కూలు టైంటేబుల్ ఎక్కిస్తూ కూర్చుంది. పౌడర్ డబ్బా మూసి సంచిలో వేసుకున్నాక, యంత్రం స్విచ్ ఆఫ్ చేసి సొరుగులో పెట్టి తాళం వేసింది.

మర్నాడు తీసి చూస్తే స్క్రీన్ వెలగలేదు. నొక్కి చూసింది, తట్టి చూసింది. సెల్స్ చచ్చిపోయాయి. వారాల తరబడి నడవాల్సినవి, వాడకుండా పడి ఉన్నప్పుడే అయిపోయాయి. అప్పుడు తట్టింది, ఇంజనీరు సొరుగు నిండా ఆ సెల్స్ ఎందుకున్నాయో. ఆయనా ఇక్కడి దాకానే వచ్చి ఉంటాడు. కొత్త సెల్స్ వేసి, ఆన్ చేసి, మళ్ళీ ఆఫ్ చేసి, తెరిచిన డబ్బా పక్కన పెట్టింది.

డబ్బా బుస్సుమంది.

ఆన్‌లో ఉన్నంతసేపూ నోరు మెదపని యంత్రం, ఆఫ్ చెయ్యగానే లోపలున్నదంతా ఎవరికో చెప్పేస్తోంది. ముల్లుకి విషయం అర్థమైంది. నెమలి తన సరుకు మీదే అనుమానం పడేలా చేసి, అందరినీ బూడిదరంగు దాని వైపు తోలుతోంది. పెద్దాయన నమ్మిన డబుల్ ఏజెంట్ మన వైపు మనిషి కానే కాదు.

డబ్బా సంచిలో వేసుకుని వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో నెమలి. ఎప్పటి నుంచి ఉందో.

"ఇంజనీరు కూడా సరిగ్గా ఇలాగే కనిపెట్టాడు," అంది నెమలి తాపీగా. "మీకు చావంటే భయం లేదని విన్నాను. మీ అక్క మొగుడికి మీ మాట మీద నమ్మకం లేదనీ విన్నాను. మొదటిది నాకు నష్టం. రెండోది చాలు నాకు."

తలుపు ధడాలున మూసుకుంది. బయట గడియ పడింది.

ముల్లు అరవలేదు. పైన మీటింగు మొదలయ్యే వేళైంది, ఆ అంతస్తులో ఎవరూ ఉండరు. అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఎక్కింది. తలుపు పైన వెంటిలేటర్ అద్దం ఉంది. చేతికందింది కీబోర్డు ఆర్గనైజర్. దాంతోనే అద్దం మీద బలంగా కొట్టింది. గాజు భళ్ళుమంది. యంత్రానికి గీత కూడా పడలేదు. అవతలికి దూకేటప్పుడు మోచేయి చీరుకుపోయింది. కళ్ళజోడు ఎక్కడ పడిందో చూసుకోకుండా మెట్ల మీద పరిగెత్తింది.

మీటింగు హాల్లో నిర్ణయం అయిపోయింది. బూడిదరంగుదే ఖాయం. సంతకానికి ముందు ఒకసారి పని చేయించి చూడమని నెమలి నవ్వుతూ సలహా ఇచ్చిందట. పోటీ కంపెనీ మనిషే ఇంత పెద్దమనసుతో ఓటమి ఒప్పుకుంటే ఎవరు కాదంటారు? ఛైర్మన్ ఆర్గనైజర్‌ని స్టాండ్ మీద పెట్టి తన కంప్యూటర్‌కి తగిలించాడు. ఆ కంప్యూటర్లో, యంత్రాలు పంచాల్సినవాళ్ళ జాబితాగా, మారుపేర్లతో పని చేస్తున్న ఏజెంట్లందరి అసలు పేర్లూ, అడ్రసులూ ఉన్నాయి. యంత్రం అన్నీ గుటుక్కున మింగింది. కింద వీధిలో టెలిఫోన్ రిపేరు వ్యాను ఒకటి ఆగి ఉంది.

ఛైర్మన్ యంత్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు ఆఫ్ బటన్ మీదికి వెళ్ళింది.

"బావా, ఆపకండి."

హాలంతా గుమ్మం వైపు తిరిగింది. గూని లేని లెక్చరర్, మోచేతి నుంచి రక్తం కారుతోంది. ఛైర్మన్ మొహం కందగడ్డలా అయింది.

"బయటికి పంపండి ఈవిణ్ణి," అన్నాడు. "నా ఇల్లు కూల్చింది చాలక ఆఫీసు మీద పడింది."

గార్డులు ఇద్దరూ ఆమె రెక్కలు పట్టుకున్నారు. బొటనవేలు బటన్‌కి ఆనింది. ముల్లు ఒక గార్డు పాదం మీద మడమతో తొక్కి, రెండోవాడి చేతిలోంచి జారి, బల్ల మీదికి అడ్డంగా దూకింది. బావ చేతిలోంచి యంత్రం లాక్కుని వెనక మూత ఊడదీసింది. సెల్స్ రెండూ బల్ల మీద దొర్లి కింద పడ్డాయి. స్క్రీన్ చీకటైంది. కరెంటు లేకపోతే ఆ యంత్రానికి జ్ఞాపకం నిలవదు. మింగినదంతా అక్కడికక్కడే ఆవిరైపోయింది.

ఛైర్మన్ చెయ్యెత్తాడు. కొట్టేవాడే.

"కొట్టండి," అంది ముల్లు. "ముందు ఒక్కటి వినండి. తర్వాత మీ ఇష్టం."

బల్ల మీదున్న ఇంకో బూడిదరంగు ఆర్గనైజర్ అందుకుని నొక్కి వెలిగించింది. సంచిలోంచి పౌడర్ డబ్బా తీసి పక్కన తెరిచి పెట్టింది. నిశ్శబ్దం. ఆఫ్ చేసింది. డబ్బా బుస్సుమంది. మళ్ళీ ఆన్. నిశ్శబ్దం. మళ్ళీ ఆఫ్. డబ్బా మళ్ళీ బుస్సుమంది. ఛైర్మన్ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. తన బొటనవేలి వైపు చూసుకున్నాడు, అదేదో పరాయివాళ్ళ వేలన్నట్టు.

నెమలి అప్పటికే లేచింది. గుమ్మం దాకా వెళ్ళింది కూడా. ఛైర్మన్ రెండంగల్లో వచ్చి తన భారీ విగ్రహాన్ని గుమ్మానికి అడ్డంగా నిలబెట్టాడు. ఆమె వేళ్ళ మధ్య స్టైలస్ మెరిసింది. అది ఆయన మెడ దాకా వెళ్ళకముందే ముల్లు ఆమె మణికట్టు పట్టి తిప్పింది. స్టైలస్ నేల మీద పడింది. దాన్ని ముట్టుకోవద్దని గార్డులకి చెప్పింది.

"మీ పెద్దాయన ఈ మాట నమ్మడు," అంది నెమలి.

"మొదట్లో నమ్మరు," అంది ముల్లు. "నిలబెట్టి చెబుతాను."

ముల్లు కిటికీలోంచి చూపించిన టెలిఫోన్ వ్యానుని గార్డులు అది కదిలేలోపే చుట్టుముట్టారు. లోపల రిసీవరు ముందు కూర్చున్న ఇద్దరు దొరికారు. మేస్త్రి మాత్రం దొరకలేదు.

హాలు ఖాళీ అయింది. ఛైర్మన్ క్షమించమని అనలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు. తమ్ముడి విషయం మర్చిపోయానని అస్సలు అనలేదు. జేబులోంచి రుమాలు తీసి, ఆమె వైపు చూడకుండా బల్ల మీద పడేశాడు. ముల్లు దాన్ని మోచేతికి చుట్టుకుంది.

మిగిలింది రెండు మోడళ్ళు. రంగులది ముఠా మనిషి అమ్మినది, ఇంకెవరూ ముట్టుకోరు. ఛైర్మన్ కీబోర్డు ఆర్గనైజర్‌ని దగ్గరికి లాక్కుని తన పేరు టైప్ చెయ్యబోయాడు. లావుపాటి వేలికి ఒకేసారి మూడు కీలు తగిలాయి. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి నాలుగు.

"ఇందులోనూ ఏదో కుట్ర ఉంది," అని గొణిగాడు.

"లేదు బావా," అంది ముల్లు. "అవి మీ వేళ్ళే."