సీతారాండేరా బడిలో ఎర్ర సిలిండర్లు

రెండు చేతులకూ కట్లు ఉండడంతో వరహాలు ఆఫీసు తలుపును భుజంతో నెట్టుకుని లోపలికి వచ్చింది. బిష్టుపూర్‌లో ఒక బ్యాంకు పైనున్న ఆ చిన్న గదిలో ప్రైవేట్ డిటెక్టివ్ రత్నం, ఆమె సహాయకుడు జయప్రకాష్ టీ తాగుతున్నారు. రత్నం రైల్వే రక్షక దళంలో చేసి రిటైరైన మనిషి. ఆమె కంటపడనిది ఈ ఊళ్ళో లేదని జయప్రకాష్ నమ్మకం. ఆమె నోటికి భయపడనివాడు లేడని తక్కినవాళ్ళ నమ్మకం.

రత్నం గ్లాసు పక్కన పెట్టి కుర్చీ లాగి ఇచ్చింది.

"నన్ను దొంగంతన్నారమ్మా," అంది వరహాలు. "ఎల్లుండి కమిటీ మీటింగంట. పనిలోంచి తీసేసి పోలీసులకి అప్పజెపుతారంట. ఈ చేతుల్తో నాకింకెవరు పనిత్తారు?"

వరహాలు సీతారాండేరా బస్తీలో తెలుగువాళ్ళు నడిపే బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఈ ఏడాది బడుల భద్రతకని ప్రభుత్వం గ్రాంటు ఇచ్చింది. ఆ సొమ్ముతో బడికి గట్టి గేటు, సందు మలుపులో దీపాలు, మంటలార్పే నాలుగు ఎర్రటి ఫైర్ సిలిండర్లు వచ్చాయి. కిందటి వారం వంటగదిలో గ్యాస్ గొట్టానికి మంట అంటుకుంది. పక్కగదిలో ఒకటో తరగతి పిల్లలున్నారు. వరహాలు ఫైర్ సిలిండర్ అందుకుని పిన్ను లాగి నొక్కింది. బుస్సుమని కూడా అనలేదు. ఇంకొకటి తెచ్చి నొక్కింది, అదీ అంతే. టీచరు సింధు పిల్లల్ని బయటికి తోలేలోపు వరహాలు వట్టి చేతులతో మంటలోకి వంగి గ్యాస్ కట్టేసింది.

తర్వాత చూస్తే నాలుగూ కాలం చెల్లిన పాత సిలిండర్లు. పైన మాత్రం కొత్త రంగు. కమిటీ ప్రెసిడెంటు సన్యాసిరావు విచారణ అక్కర్లేకుండానే తీర్పు చెప్పేశాడు. దసరా సెలవుల్లో బడి తాళంచెవి వరహాలు దగ్గర ఉంది కాబట్టి కొత్తవాటిని ఆమె అమ్ముకుని పాతవి తగిలించిందట.

"చాబీ నీ ఒక్కదాని దగ్గరే ఉంటుందా?" అని రత్నం అడిగింది.

"ఇంకోటి పెసిడెంటుగారికాడ ఉంతాది. అయినా, పాతయి నానే ఎట్టుంటే, మంటొచ్చినప్పుడు వాటికాడికే ఎందుకు పరిగెడతానమ్మా?"

ఈ ప్రశ్న కమిటీలో ఒక్కరికీ తట్టలేదా అని రత్నం అడిగింది. తట్టలేదని వరహాలు చెప్పింది. తట్టదు మరి. చేతులు కాల్చుకున్న మనిషి మీదే నేరం తోసేస్తే పెద్దమనుషులకు అన్నం సయిస్తుంది. రత్నం మొహం ఎర్రబడింది. మిగిలిన టీ తాగకుండానే లేచింది.

బడికి వెళ్ళేసరికి సిలిండర్లు సరఫరా చేసిన బంగార్రాజు అక్కడే తచ్చాడుతున్నాడు. వరహాలు తర్వాత వంతు తనదేనని అతనికి తెలుసు. విశ్వకర్మ పూజకు ముందే సీలు విప్పని సరుకు తెచ్చి వరండాలో దించానని, పిల్లల మీద ఒట్టు వేసి చెప్పాడు. జయప్రకాష్ రత్నం చెవిలో, వీడే మేడమ్, కొత్తవాటి పేరు చెప్పి పాతవి అంటగట్టాడు అన్నాడు.

ఇనుము పెట్టే అన్నం తినే ఊరిది. దసరాకు ముందొచ్చే విశ్వకర్మ పూజ నాడు ప్లాంటులో యంత్రం నుంచి ఇంట్లో స్కూటరు దాకా ప్రతిదానికీ పూజ చేస్తారు. బడి కూడా అందుకు తీసిపోలేదు. కొత్త గేటుకు, నీళ్ళ మోటారుకు, గంటకు, గ్యాస్ పొయ్యికి కూడా ఎండిపోయిన పసుపు, దాని మీద కుంకుమ ఇంకా ఉన్నాయి. వరండాలో వరసగా పెట్టిన నాలుగు ఫైర్ సిలిండర్ల మీద మాత్రం ఏమీ లేవు.

"ఈ బొట్లు ఎవరు పెట్టారమ్మా?" అని రత్నం సింధును అడిగింది.

"బచ్చోం నే మేడమ్," అని హిందీలో మొదలుపెట్టి, సింధు మెల్లగా తెలుగులోకి వచ్చింది. ఆ రోజు ఒకటో తరగతి పిల్లలే మూడేసి వేళ్ళతో పసుపు రాసి, కుంకుమ అద్దారట. ఫైర్ సిలిండర్లు అప్పటికింకా నేలమీదే ఉన్నాయి. వాటినీ వదల్లేదు. అందులో ఒకటి అమ్మవారిలా ఉందని ఎవరో అంటే, దానికి కాటుకతో కళ్ళు, మూతి కూడా దిద్దారు. సెలవులయ్యాక వచ్చి చూస్తే సిలిండర్లు శుభ్రంగా గోడకు తగిలించి ఉన్నాయి. తగిలించేటప్పుడు ఎవరో తుడిచేశారనుకుందట.

"పూజ చేసిన వస్తువు బొట్టు మనవాళ్ళలో ఎవరు తుడుస్తారమ్మా?" అంది రత్నం.

తర్వాత ఆమె ఒక సిలిండర్ మెడ దగ్గర గోటితో గీకింది. కొత్త రంగు పెచ్చుగా లేచింది. దాని కింద బంగారు రంగు చమ్కీ అంటుకుని మెరుస్తోంది. దాన్ని జయప్రకాష్ అరచేతిలో పెట్టి, ఎక్కడిదో చెప్పమంది. అతను చీర మీదిదేమో అన్నాడు. కావచ్చంది.

మీటింగు ఎక్కడని అడిగితే, బడిలో చోటు చాలదని సన్యాసిరావు సిద్ధగోరాలోని తన కళ్యాణమండపం ఇచ్చాడని సింధు చెప్పింది. ఎంత పెద్ద మనసో చూడండి.

మర్నాడు రత్నం మేనకోడలి పెళ్ళి వంక పెట్టుకుని జయప్రకాష్‌తో ఆ మండపానికి వెళ్ళింది. మేనేజరు అమర్ బీహార్ కుర్రాడు, హుషారుగా అంతా తిప్పి చూపించాడు. జనరేటరుకు, పెద్ద పొయ్యిలకు పనివాళ్ళు విశ్వకర్మ పూజ నాడు నారింజరంగు సింధూరంతో స్వస్తిక్ వేశారు. ఫైర్ సిలిండర్లు నాలుగున్నాయి. మూడు ప్లాస్టిక్ పూలదండల చాటున ఉన్నాయి. వేదిక పక్కనున్న నాలుగోది, ఎలా వాడాలో రాసిన వైపు గోడకు తిరిగి వేలాడుతోంది. ఎంత నిర్లక్ష్యమని జయప్రకాష్ గొణిగాడు. రత్నం దేన్నీ ముట్టుకోలేదు. అగ్నిమాపక శాఖ అనుమతి ఉందా అని మాత్రం అడిగింది. దసరా వెళ్ళగానే వచ్చిందని, ఈ పెళ్ళిళ్ళ సీజనుకు ఢోకా లేదని అమర్ గర్వంగా చెప్పాడు.

మీటింగు రోజు పెళ్ళివారి కుర్చీలలో కమిటీవాళ్ళు కూర్చున్నారు. సింధు, బంగార్రాజు గోడవారగా నిలబడ్డారు. వరహాలును ఎవరూ కూర్చోమనలేదు. సన్యాసిరావు మెడలో కండువా సర్దుకుని, పేదపిల్లల ప్రాణాలతో చెలగాటమాడినవాళ్ళను దేవుడు కూడా క్షమించడన్నాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని నిట్టూర్చి, పోలీసులకు ఫోన్ చేయడం తప్పదన్నాడు.

"చెయ్యక్కర్లేదు, నేను చేశాను. దార్లో ఉన్నారు," అంటూ రత్నం లేచింది. వాళ్ళు వచ్చేలోపు ఒక లెక్క తేలుద్దామంది.

బంగార్రాజు తెచ్చినవి కొత్తవేనని ఆమె మొదట తేల్చింది. వాటికి పిల్లలు బొట్లు పెట్టారు. ఇప్పుడు బడిలో ఉన్నవాటికి బొట్ల ఆనవాలే లేదు, పైగా రంగు కింద చమ్కీ ఉంది. అంటే సెలవుల్లో ఎవరో సిలిండర్లు మార్చారు. కొత్తవి కావలసినవాడు, పాతవి చేతిలో ఉన్నవాడు, బడి తాళంచెవి ఉన్నవాడు ఒక్కడే అయి ఉండాలి. వరహాలు ఇంట్లో నాలుగు ఫైర్ సిలిండర్లకు పనేమిటి? అవి ఉండే చోటు, వాటి మీద చమ్కీ రాలే చోటు కళ్యాణమండపం. పాతవాటితో అనుమతి రాదు. బడికి సర్కారు సొమ్ముతో కొత్తవి వచ్చి వరండాలో ఉన్నాయి. పని ఎంత సుళువైపోయిందో అందరూ చూడవచ్చంది.

సన్యాసిరావు నవ్వబోయాడు. ఆమె వినిపించుకోకుండా పూలదండలు ఒక్కొక్కటే లాగి పారేసింది. మూడు సిలిండర్ల మీదా, కింది సగంలో, పసుపూ కుంకుమా ఉన్నాయి.

"మేమూ విశ్వకర్మ పూజ చేసుకుంటాం. బొట్లుండవా?" అన్నాడు సన్యాసిరావు.

"మీ పనివాళ్ళు సింధూరంతో స్వస్తిక్ వేస్తారు. జనరేటరు మీద చూసి వచ్చాను. ఇది పసుపు. ఈ వేళ్ళ అచ్చులు చూడండి, మన చిటికెనవేలంత లేవు. మీ హాల్లో ఏ పసిపిల్లలు పూజ చేశారు?"

రత్నం కనుసైగ చేసింది. జయప్రకాష్ వేదిక పక్కనున్న సిలిండర్‌ను ఇటు తిప్పాడు. ఎర్రటి మొహం మీద ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగా రెండు కాటుక కళ్ళు, వంకర మూతి, నుదుట కుంకుమ. మా పిల్లలదేనంటూ సింధు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేడేమో," అంది రత్నం. "ఒకటో తరగతి పిల్లలు పట్టారు. ఇంత తెలివైనవాడివి, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయేది. ఎందుకు తుడవలేదు?"

సన్యాసిరావు నేలచూపు చూశాడు. "పెళ్ళిళ్ళు జరిగే చోట బొట్టు తుడవకూడదు కదమ్మా. అశుభం," అన్నాడు.

"బొట్టు తుడిస్తే అశుభమా? పిల్లల వంటగదిలో వట్టి డబ్బాలు తగిలిస్తే శుభమా? ఆ రోజు ఈమె చేతులు అడ్డం పెట్టకపోతే ఎంతమంది తల్లుల ఇళ్ళల్లో ఏడుపు లేచేది? ఇన్నాళ్ళూ ఈ కళ్ళకి భయపడి గోడకి తిప్పి పెట్టావు గానీ, ఈ చేతుల వంక ఒక్కసారి చూశావా?"

కమిటీలో ఒకాయన, బస్తీ పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందామన్నాడు. రత్నం అతనివైపు చూసిన చూపుకు ఆ మాట అక్కడే ఆగిపోయింది. అప్పటికే బయట జీపు ఆగింది.

మర్నాడు పోలీసులు ఫొటోలు తీసుకుని, పంచనామా రాసి, సిలిండర్లను బడికి పంపారు. కమిటీవాళ్ళు పళ్ళు, చీర పట్టుకుని వరహాలు దగ్గరకు వచ్చారు. ఆమె ముట్టుకోలేదు.

"దొంగని పదిమందిలో అన్నారు. కాదని ఈ పిల్లల ముందర సెప్పండి. సీరెవరిక్కావాల?" అంది.

చెప్పారు. పిల్లలు వరసగా నిలబడి విన్నారు. తర్వాత జయప్రకాష్ స్టూలెక్కి కాటుక కళ్ళ సిలిండర్‌ను వంటగది గోడకు తగిలించాడు. వరహాలు కట్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కింద నుంచి చూస్తోంది. ఎలా వాడాలో రాసి ఉన్నది ముందుకు కనపడాలి కదా అని అతను ఒకటి రెండుసార్లు సర్దాడు.

"మొకం పొయ్యి కాసి తిప్పి ఎట్టు బాబూ," అంది వరహాలు. "నాను వండేది అది సూడాల. ఇంకెవుడన్నా వచ్చి గోడకి తిప్పితే, ఆడి సెయ్యి నానే ఇరగ్గొడతాను."