పదకొండు ఫొటోలు, ఒక ఖోఖో

"మా ఖోఖో ఏడుంది?"

ఆ అమ్మాయి నాతో మాట్లాడిన మొదటి మాట అదే. ఎల్‌బీ నగర్‌లో మా డిగ్రీ కాలేజీ గేటుకు నేను డిజైన్ చేసిన ఇరవై అడుగుల ఫ్లెక్సీ అప్పుడే కట్టారు. దాని కింద నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నాను.

"కింద, కుడివైపు మూల చూడండి," అన్నాను గర్వంగా.

ఆమె వంగి చూసింది. "గదేనా? చీమనుకున్న."

ఆమె పేరు అలేఖ్య. బీఎస్సీ ఫైనలియర్, ఖోఖో కెప్టెన్. నేను ఉపేంద్రని. సాయంత్రం ఆటలకు కాలేజీవాళ్లు 'క్యాంపస్ రిక్రియేషన్' అని పేరు పెట్టి, వాటికి పిల్లల్ని రప్పించే పోస్టర్ల కోసం గ్రాఫిక్ డిజైన్ ఇంటర్న్‌గా నన్ను తీసుకున్నారు. జీతం లేదు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. అది చూపిస్తే ఒక యాడ్ ఏజెన్సీవాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు.

నిజానికి నేను మొదట వేసింది దుమ్ములో దూకుతున్న ఖోఖో అమ్మాయి బొమ్మే. కాలేజీ ఆఫీసు చూసే ఏఓ గంగాధరరావు గారు కళ్లజోడు సర్దుకుని చూశారు.

"అద్భుతం బాబూ. చైర్మన్ గారెక్కడ?"

పెట్టాను.

"మరి వారి తమ్ముడుగారో?"

"ఆయన ఆడతారా అండీ?"

"మన క్యాంటీన్లో రోజూ భోంచేస్తారు."

ఆయన్నీ పెట్టాను. తర్వాత ప్రిన్సిపాల్, డైరెక్టర్లు, వాళ్ల బావమరుదులు వచ్చారు. చివరికి గంగాధరరావు గారు దగ్గి, జేబులోంచి తన పాస్‌పోర్టు ఫొటో తీశారు. "నాకివన్నీ ఇష్టముండవు. కానీ వదిలేస్తే బాగోదు కదా!" మొత్తం పదకొండు తలకాయలు చేరేసరికి ఖోఖో అమ్మాయి మూలకు పోయింది.

ఫ్లెక్సీ చూసినవాళ్లంతా చైర్మన్ విశ్వేశ్వరరావు గారి పుట్టినరోజనుకున్నారు. పాపం, వాళ్ల తప్పేముంది? మన ఊళ్లో అంత పెద్ద మొహం ఇంకెందుకు కడతారు! మధ్యాహ్నానికి నాలుగు బొకేలు, రెండు కిలోల కేకు వచ్చాయి. అసలు పుట్టినరోజుకు ఐదు నెలలున్నా, ఆయన వినయంగా కత్తి అందుకుని కేకు కోశారు. ఆటలకు మాత్రం ఒక్కరూ పేరివ్వలేదు.

"శనివారం లోపల ముప్పై పేర్లు రాకుంటే గ్రౌండు కార్ల పార్కింగ్ చేస్తరంట. నీకు ఎరుకేనా?" అంది అలేఖ్య సాయంత్రం. పొద్దుటి వెటకారం లేదు.

నాకు తెలియదు. తెలిశాక ఆ సెల్ఫీ డిలీట్ చేశాను.

"ఇంకోటి వేస్తాను," అన్నాను.

"గీసారి ఎవరి మొకం పెడ్తవ్?"

"మీదే." నోరు జారింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నావీ అంతే అయుంటాయి.

"నా మొకం ఏం ఒద్దు. మా కాళ్లు పెట్టు."

వరుసగా కూర్చున్న ఎనిమిదిమంది అమ్మాయిల మట్టి పాదాలు ఫొటో తీశాను. కింద రెండే ముక్కలు రాశాను: 'సాయంత్రం ఐదింటికి రండి. ఆడటం రాకపోయినా పర్లేదు.' ఎవరినీ అడగకుండా ప్రింట్లు తీసి క్యాంటీన్లో, బస్టాపులో, మెట్ల గోడల మీద ఇద్దరం అంటించాం. మధ్యలో ఎక్కడో నా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. శుక్రవారానికి నలభై ఆరు పేర్లు వచ్చాయి. గ్రౌండు జోలికి ఇక రామని నోటీసు పెట్టారు.

గంగాధరరావు గారు నన్ను పిలిపించారు.

"ఇందులో చైర్మన్ గారు లేరేం?"

"ఆయన కాళ్ల ఫొటో నా దగ్గర లేదండీ."

"వేళాకోళమా! పైన పదకొండు ఫొటోలు పెట్టి మళ్లీ వెయ్యి. నీ సర్టిఫికెట్ మీద ఇప్పుడే సంతకం పెడతాను."

అబద్ధమెందుకు, రెండు నిమిషాలు ఆలోచించాను. కిటికీలోంచి చూస్తే అలేఖ్య కొత్తగా వచ్చిన పిల్లల కోసం సున్నంతో గీతలు గీస్తోంది. చెరిగినచోట మళ్లీ గీస్తోంది.

"వద్దులెండి సార్," అని వచ్చేశాను.

మెట్రో మెట్ల దగ్గరికొచ్చేసరికి వాన మొదలైంది. వెనక నుంచి పరుగెత్తుకొచ్చింది అలేఖ్య.

"సర్టిఫికెట్ ఇయ్యలేదంట?"

"లేదు."

"మరి కొలువు?"

"ఇంకోటి వెతుక్కోవాలి."

ఆమె జడలోంచి నీళ్లు కారుతున్నాయి. "ఎందుకు చేసినవ్ గిట్ల? ఆటల కోసమా?"

"అవునంటే నమ్ముతావా?"

"నమ్మ."

"అయితే నీకోసమే. నువ్వంటే నాకిష్టం అలేఖ్యా. చాలా ఇష్టం."

అంతలో షేర్ ఆటో ఒకటి మా ముందే ఆగింది.

"కర్మన్‌ఘాట్, కర్మన్‌ఘాట్! ఒక్క సీటే ఉంది, జల్ది ఎక్కు చెల్లె!"

అది ఆమె రోజూ ఎక్కే ఆటోనే. ఆమె నావైపు చూసి, డ్రైవర్ వైపు తిరిగింది.

"ఇద్దరం ఉన్నం అన్నా. నువ్వు పో."

మా ఇల్లు అటుకాదు, దిల్‌సుఖ్‌నగర్‌లో. ఆ సంగతి నేనెత్తలేదు.