ఐస్‌క్రీం వ్యానుకు వేడి చేసింది

పిన్ని వ్యాను ముందు మూత ఎత్తి, తల లోపల పెట్టి చాలాసేపైంది. బయటికి ఆమె చెప్పులూ, వెనక జేబులోని స్క్రూడ్రైవరూ మాత్రమే కనిపిస్తున్నాయి. తెలుసమ్మ స్టూలు మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది.

ఆ పిల్ల అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయేలా ఉన్నారు. ఎవరేం చెప్పబోయినా, మాట సగంలో ఉండగానే “నాకు తెలుసు!” అంటుంది. అందుకే తెలుసమ్మ అయింది. నిజానికి ఆమెకు చాలానే తెలుసు. కాకపోతే, ఎదుటివాళ్ల మిగతా సగం మాటలో ఏముందో మాత్రం ఎప్పుడూ తెలిసేది కాదు.

వ్యాను నాన్నది. వెనక పెద్ద ఫ్రీజరు, పక్కన గులాబీ రంగు ఐస్‌క్రీం బొమ్మ. సాయంత్రం బడిలో ఆటల పోటీలు. నాన్న వ్యాను తెస్తాడని తెలుసమ్మ క్లాసంతా చాటింపు వేసింది. తీరా చూస్తే ఇంజన్ విపరీతంగా వేడెక్కుతోంది. వేడెక్కితే ఆపాలి. ఇంజన్ ఆపితే ఫ్రీజరూ ఆగుతుంది. ఐస్‌క్రీం కాస్తా పాలైపోతుంది.

పొద్దున నాన్న వ్యానును పిన్ని మెకానిక్ షెడ్డులో వదిలి, సరుకు తేవడానికి బయల్దేరుతూ, “పిన్నికి చెప్పు తల్లీ, బండి వేడెక్కుతోంది, అదీ...” అన్నాడు.

“నాకు తెలుసు నాన్నా! నువ్వెళ్లు!”

తరవాత పిన్ని తాళాలు గలగలలాడిస్తూ వచ్చింది. బండి వేడెక్కుతోందని తెలుసమ్మ చెప్పింది.

“ఎప్పుడు వేడెక్కుతోందే?”

“ఎప్పుడూ!”

ఒక్క దీర్ఘం. ఆ దీర్ఘం వెనక పిన్ని ఓ పూటంతా పరిగెత్తింది. ఎప్పుడూ వేడెక్కుతోందంటే నీళ్లయినా తగ్గి ఉండాలి, నీళ్ల పంపయినా పాడై ఉండాలి. ఇంజన్ చల్లగా ఉంది కాబట్టి రేడియేటర్ మూత తీసి చూసింది. నీళ్లు నిండుగా ఉన్నాయి. గొట్టాలు తడిమింది. ఎక్కడా కారడం లేదు. పంపు విప్పింది, తుడిచింది, మళ్లీ బిగించింది.

“పంపు నిక్షేపంగా ఉంది,” అంటూ పిన్ని తల బయటికి తీసింది. ముక్కు మీద గ్రీజు మరక.

“పిన్నీ, సాయంత్రానికి అయిపోతుందిగా?” తెలుసమ్మకు గుబులు మొదలైంది.

“రోగం తెలిస్తే కదే మందు! పద, ఎక్కు. నేను రోడ్డు చూస్తా, నువ్వు ఇంజన్ వేడి చూపే ఈ ముల్లు చూడు. నీకు తెలిసింది చెప్పకు. కనిపించింది చెప్పు.”

పెద్ద రోడ్డు మీద వ్యాను రివ్వున పోయింది. ముల్లు మధ్యలో బుద్ధిగా కూర్చుంది. తెలుసమ్మ రెప్ప వేయలేదు.

మార్కెట్ వీధిలోకి తిరిగారో లేదో, ముందొక బస్సు, పక్కన ఆటోలు, వెనక హారన్ల గోల. వ్యాను నత్తనడక పట్టింది.

“పిన్నీ, ముల్లు ఎక్కుతోంది! ఎర్ర గీత దగ్గరికొచ్చేసింది!”

పిన్ని ఎలాగో సందు చూసుకుని మళ్లీ పెద్ద రోడ్డెక్కింది.

“దిగుతోంది! దిగుతోంది పిన్నీ!” అని అరిచిన తెలుసమ్మ ఠక్కున ఆగిపోయింది. “అయితే... ఎప్పుడూ కాదన్నమాట. మెల్లగా వెళ్లినప్పుడే!”

“ఆ ముక్క పొద్దునే చెప్పుంటే పంపు విప్పేదాన్నా?”

తెలుసమ్మ ముఖం చిన్నబోయింది. “నాన్న అదే చెప్పబోయాడేమో. నేనే విన్లేదు. నువ్వు ఎప్పుడు అని అడిగావు. అదీ విన్లేదు.”

చాలా సిగ్గేసింది. పిన్ని మాత్రం పకపకా నవ్వేసింది. “నేను మాత్రం తక్కువ తిన్నానా? మెకానిక్‌ని, ముందు నడిపి చూడొద్దూ? తొందరలో నీకు తగ్గ పిన్నినే! సరే, ఆలోచించు. బండి జోరుగా పోతే ఎదురుగాలి కొట్టి ఇంజన్ చల్లబడుతుంది. నిలబడిపోతే గాలెక్కడిది?”

“నాకు తె...”

తెలుసమ్మ ఆ మాటను గుటుక్కున మింగేసింది. “వెళ్లి చూద్దాం పిన్నీ,” అంది.

షెడ్డులో ఇంజన్ ఆపకుండానే మూత ఎత్తారు. “చేతులు వెనక్కి కట్టుకుని, దూరం నుంచే చూడు,” అంది పిన్ని. రేడియేటర్ వెనక ఒక ఫ్యాన్ ఉంది. ఇంత వేడిలోనూ దాని రెక్కలు కదలడం లేదు.

“ఫ్యాన్ తిరగట్లేదు!”

ఇంజన్ ఆపి, చల్లారాక పిన్ని ఫ్యాన్ వైరు ప్లగ్గు లాగింది. లోపలంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి, శుభ్రం చేసి, టక్కుమనేలా నొక్కింది. మళ్లీ ఇంజన్ వేశారు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ముల్లు కొంచెం పైకి వచ్చిందో లేదో, ఫ్యాన్ బర్రుమంటూ తిరిగింది! పిన్నీ తెలుసమ్మా చేతులు పట్టుకుని షెడ్డులో గిర్రున తిరిగారు.

“ఈ కాస్త చిలుము కోసం కొండను తవ్వి ఎలుకను పట్టాం!” అంది పిన్ని.

సాయంత్రం నాన్న అదే మార్కెట్ వీధిలోంచి వ్యాను మెల్లగా, దర్జాగా నడిపాడు. బడి దగ్గర పిల్లలు ఈగల్లా ముసిరారు. నాన్న కోన్లు నింపుతుంటే, కిటికీ దగ్గర ఎవరికేం కావాలో కనుక్కునే పని తెలుసమ్మది.

ఒకటో తరగతి బుడతడొకడు వచ్చి తల పైకెత్తాడు. “అక్కా... నాకూ...”

‘వెనిల్లా!’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనక లైన్లో వాళ్లు “త్వరగా, త్వరగా!” అంటున్నారు. తెలుసమ్మ పెదవి బిగించి, మోచేతులు కిటికీ మీద ఆనించి, ఆగింది.

బుడతడు ఒక కాలి మీద నిలబడ్డాడు. తరవాత ఇంకో కాలి మీద. గుటకలు మింగాడు.

“నాకూ... షూ లేసు కట్టవూ అక్కా? ఇప్పుడే నా పరుగు పందెం.”

తెలుసమ్మ వ్యాను దిగి వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“ఏ కాలిది కన్నా?” అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగింది.