గురిగింజెత్తు తరుగు

పరుగు!

తిరుపతయ్య ఒకటే పరుగు!

మిట్టమధ్యాహ్నం. వనపర్తి అంగడి. మిరపకాయల కుప్పలు తొక్కుకుంటూ, తిట్లు తింటూ దూసుకుపోతున్నాడు. వెనక గుర్రం డెక్కల చప్పుడు. దాని మీద దొర మనిషి భీమన్న. భుజాన జోడుగొట్టాల తుపాకి!

తిరుపతయ్యను తరుముతున్నాడనుకునేరు... కాదు! ఇద్దరూ పోతున్నది దవాఖానకే. ఎవరు ముందు చేరితే వాళ్లదే పెంటయ్య ప్రాణం.

తుపాకిలో ఉన్నవి తిరుపతయ్య చేతి తూటాలు. ఛీ!

కంసాలి అతను; ఊరు పిలిచేది అవుసలోడని. పుస్తెలు, ముక్కుపుడకలు చేసుకు బతికే మనిషి. యుద్ధం వచ్చి విలాయతి తూటాలు దొరకడం మానేశాయి. దొర పేలిన తూటాల ఖాళీ డొల్లలు సంచిలో పోసి చేతికిచ్చాడు.

"మళ్ల నింపియ్యి. కంపెనీ దాని లెక్కనే పేలాలె. అడివి పందులకురా!"

నింపాడు. బంగారం తూచే త్రాసులో, గురిగింజలు పెట్టి తుపాకి మందు తూచి మరీ నింపాడు. రెండు చెక్క మీద పేల్చి చూశారు. విలాయతిది ఎంత లోతు దిగిందో ఇవీ అంతే దిగాయి! దొర శభాష్ అన్నాడు. తిరుపతయ్య పొంగిపోయాడు కూడా... గాడిద!

మొన్న ఆ తూటా దిగింది పందికి కాదు. వెట్టికి రానన్న పెంటయ్య డొక్కలో!

కానీ పెంటయ్య చావలేదు.

ఎందుకు చావలేదో తిరుపతయ్యకే తెలుసు. చెక్క మీద పేల్చిన రెండే నిండు తూకం. మిగతా అన్నిటిలో తరుగు! ఎవరు ఏమిచ్చినా గింజెత్తు నొక్కేయడం అతని అలవాటు. తుపాకి మందు నొక్కి ఏం చేసుకుంటాడు? ఏమీ లేదు. చెయ్యి ఊరుకోలేదు, అంతే.

తన దొంగబుద్ధి ఒక మనిషిని బతికించింది.

నిన్న దొర ఎదురుగానే కూర్చున్నాడు.

"నా కండ్ల ముందర నింపు. పది! గీసారి వాడు లేవొద్దు."

దొర రెప్ప వేయలేదు. అయినా కంసాలి చేతికి కాపలా కాయడం ఎవరి తరం? తొమ్మిదింటిలో మందు లేదు... ఉత్త బొగ్గుపొడి!

పదోది నింపేటప్పుడు దొర మీదికి వంగాడు. అది మాత్రం నిండు తూకం.

దవాఖాన! గుమ్మంలో కాంపౌండర్ సామ్యూల్.

"పెంటయ్య ఏడి సామ్యూల్?"

"లోపల. మున్సిఫ్ సాబ్ వాంగ్మూలం రాస్తుండు. ఏందే, గట్ల రొప్పుతున్నవ్?"

"గొళ్లెం పెట్టు! భీమన్న వస్తుండు... చంపనీకె!"

సామ్యూల్ లోపలికి దూకాడు. తలుపు పడింది. గొళ్లెం పడింది.

తిరుపతయ్య బయటే ఉన్నాడు!

భీమన్న గుర్రం దిగాడు. తుపాకి లేచింది.

"జరుగు, అవుసలోడా!"

"జరగ."

"నీ తూటా నీకే తినిపిస్త!"

"తినిపియ్యి. నీ చెల్లె పుస్తెలు చేసిన చేతులే గివి. గీ చేతులతోని నీకు తూటాలు చేసిచ్చిన... థూ!"

నిజంగానే ఉమ్మేశాడు.

భీమన్న మీట నొక్కాడు.

ఫట్!

గొట్టంలోంచి బొగ్గుపొడి రాలింది. భీమన్న నోరు తెరిచాడు. తిరుపతయ్యకు నవ్వు తన్నుకొచ్చింది... అంతలోనే ఆగిపోయింది.

రెండో గొట్టం ఉంది. అందులో ఉన్నది ఏది? తొమ్మిదింటిలో ఒకటా... ఆ ఒక్కటా?

తలుపుకు వీపు ఆనించాడు. జరగలేదు.

ఢాం!

తలుపుకు ఆనుకుని కిందికి జారిపోయాడు. ఛాతీ మీద వేడిగా, తడిగా ఉంది.

భీమన్న సంచిలోంచి ఇంకో రెండు తీసి తుపాకిలో దోపాడు. తలుపుకు గురిపెట్టాడు.

ఫట్! ఫట్!

ఇంకో రెండు...

ఫట్! ఫట్!

"నీయమ్మ! ఏం చేసినవురా!"

తిరుపతయ్య తల వాలింది. చెప్పడానికి ఊపిరి లేదు.

తలుపు వెనక నుంచి పెంటయ్య గొంతు, నీరసంగా, ఆగకుండా...

"నన్ను కాల్చింది మా దొరే సాబ్. రాసుకోండ్రి."