బొగ్గుపిల్ల గీత

నాలుగింటికి బొగ్గుపిల్ల వాళ్ళమ్మ వస్తానంది. ఆవిడ సినిమా మొత్తం చూసి, సరేనని సంతకం పెడితే తప్ప దాన్ని ఎక్కడా చూపించడానికి వీల్లేదు. అందుకే డైరెక్టరు పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. మధ్యాహ్నం రెండు దాటింది. బయట ముసురు. ఇంట్లో ఆయనా, ఆయన భార్యా తప్ప ఇంకెవరూ లేరు.

భార్యే ఆయన సినిమాలకి ఎడిటరు. ఆయన గంటలకొద్దీ తీసుకొచ్చి పడేసిందాన్ని కత్తిరించి, అతికించి, ఒక కొలిక్కి తెచ్చేది ఆవిడే. ఎడిటింగు చేసేది ఇంట్లోనే, లోపలి గదిలో. ఆ గదికున్న ఒకే ఒక్క కిటికీని మందపాటి దుప్పటితో మూసేశారు. తలుపు వేస్తే పట్టపగలు కూడా కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనబడదు. కంప్యూటరు తెర వెలుగు ఒక్కటే గోడల మీద నీలంగా పడుతుంటుంది. వేడెక్కిన మెషీన్ల వాసన, తాగి వదిలేసిన టీ కప్పుల వాసన. ఏడాదిలో సగం రోజులు మొగుడూ పెళ్ళాలు ఆ గదిలోనే పోట్లాడుకుంటారు, ఆ గదిలోనే రాజీ పడతారు.

డైరెక్టరు పాతికేళ్ళుగా చిత్రకారుల మీద డాక్యుమెంటరీలు తీస్తున్నాడు. మంచి పేరే ఉంది. ఎందుకుండదూ! ఒక పెద్దాయనకి చూపు మసకబారుతుంటే, ఆఖరి బొమ్మ అయ్యేదాకా కెమెరా పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు. ఆ పెద్దాయన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది మాత్రం పక్కింటివాళ్ళు. ఆ సినిమా చూసి జనం కళ్ళు తుడుచుకున్నారు. డైరెక్టరు చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

బొగ్గుపిల్లని ఆయన వెతికి పట్టుకున్నాడు. ఆ పిల్ల బొమ్మలు వేసేది బొగ్గుతో. పైగా, వేసిన బొమ్మ కంటే వేస్తూ ఉండటమే అసలు బొమ్మ అనేది. జనం ముందే నిలబడి, గంటల తరబడి, తన ఒంటినే పనిముట్టు చేసుకుని వేసేది. ఆఖరిసారి చేసింది చాలా చిన్న పని. ఖాళీ హాలు, నాలుగు తెల్లగోడలు. నుదురు గోడకి ఆనించి, బొగ్గుముక్క పట్టుకుని, చెయ్యి ఎత్తకుండా గోడ వెంబడే నడుస్తూ ఒకటే గీత. ఒక చుట్టు, రెండు చుట్లు, వంద చుట్లు... గుమ్మం దగ్గర ఒక కాగితం అంటించింది. 'ఎవరైనా చాలు అంటే ఆపేస్తాను. అనకపోతే ఆపను.'

అంతే. ఒక్క మాట. చంటిపిల్లలకి కూడా వచ్చిన మాట.

ఎవరూ అనలేదు. అనబోయిన ఒకరిద్దర్ని డైరెక్టరే వేలు పెదాల మీద పెట్టి ఆపాడు. రెండో రోజు బొగ్గు అయిపోయింది. పిల్ల వేలితో గీసింది. తర్వాత వేలికి చర్మం అయిపోయింది. కెమెరా వేలికి దగ్గరగా వెళ్ళింది. ముప్ఫై ఏడో గంటలో పిల్ల గోడ పక్కనే కూలిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే పోయింది.

శవం పక్కన వాళ్ళమ్మ డైరెక్టరుని ఒకటే అడిగింది. "ఆ మాట ఎవరూ అనలేదా బాబూ?"

"నేనే అన్నానమ్మా. మీ అమ్మాయే వినిపించుకోలేదు," అన్నాడు.

ఎనిమిది నెలలైంది. మొన్న ఆవిడ ఫోన్ చేసి, "మీరు ఆ మాట అన్నది సినిమాలో వింటాను. విన్నాకే సంతకం," అంది.

అదీ సంగతి. అందుకే ఈ మధ్యాహ్నం మైకు బయటికొచ్చింది.

"అబద్ధం కదండీ," అంది భార్య వైరు విప్పుతూ.

"అప్పుడు అన్నాను, సరిగా రికార్డు కాలేదు అనుకో."

"ముప్ఫై ఏడు గంటలూ విన్నదాన్ని నేను. మొదట్లో 'స్టార్ట్' అన్నాక, మీ నోటినుంచి వచ్చిన మాట ఒక్కటే. 'ష్'."

"నీతులు తర్వాత చెబుదువుగానీ, ముందు మైకు పెట్టు."

ఆవిడ పెట్టింది. ఆవిడ కూడా ఏం తక్కువది కాదు. చెయ్యనని లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ఎనిమిది నెలల కష్టం మరి.

తలుపు వేశారు. తెర మీద తెల్లగోడ, దాని మీద నల్లటి, ఎర్రటి వేలు. డైరెక్టరు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. గర్... గర్... గర్... గోడ మీద ఎముక గీసుకుంటున్న చప్పుడు. భార్య చెయ్యి ఊపింది.

"చాలు," అన్నాడు.

"పాలవాడికి చెప్పినట్టుంది. ఇంకోసారి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నిజంగా ఆ హాల్లో నిలబడ్డట్టూ, నిజంగా గుండె తరుక్కుపోతున్నట్టూ, "చాలు తల్లీ... చాలు," అన్నాడు. ఎంత బాగా అన్నాడంటే తన నటనకి తనకే కళ్ళు చెమర్చాయి.

గర్ చప్పుడు ఆగిపోయింది.

"సౌండెందుకు తీసేశావ్?"

"నేనేం తియ్యలేదు."

తెర మీద వేలు నిలబడిపోయి ఉంది.

"మరి బొమ్మ ఎందుకు ఆపావ్?"

"ఆపలేదండీ... కింద టైము చూడండి. నడుస్తోంది."

నిజమే. అంకెలు పరిగెడుతున్నాయి. వేలు మాత్రం కదలట్లేదు. ఇద్దరూ చూస్తుండగానే ఆ వేలు గోడ మీంచి లేచింది. చెయ్యి కిందికి వాలిపోయింది. మనిషి పక్కకి నడిచి తెరలోంచి వెళ్ళిపోయింది. మిగిలింది గోడ... మధ్యలో ఆగిపోయిన గీత.

ఆ షాటుని భార్య రెండొందల సార్లైనా చూసుంటుంది. అందులో ఆ చెయ్యి ఎప్పుడూ ఆగలేదు.

ఆవిడ వెనక్కి తిప్పింది. ముందుకి తిప్పింది. వేరే కెమెరాది తెరిచింది. అన్నింట్లోనూ అంతే. ఆ క్షణం నుంచి ఖాళీ గోడ. కూలిపోవడం లేదు, జనం మూగడం లేదు, మోసుకెళ్ళడం లేదు.

డైరెక్టరుకి ముందు భయం వెయ్యలేదు. చెప్పడానికే సిగ్గుగా ఉంది, ఆయనకి ముందొచ్చింది కోపం.

"పడిపోయే షాటేదీ? సినిమాకి ప్రాణం అదేనే! అది లేకపోతే ఇంకేముంది నా బొంద!"

భార్య ఆయన వంక చూసింది. పదిహేడేళ్ళ కాపురంలో మొగుణ్ణి అలా ఎప్పుడూ చూడలేదు. ఏదో అనబోయింది. అంతలో ఫోన్ మోగింది.

బొగ్గుపిల్ల వాళ్ళమ్మ.

"బాబూ..." గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఆగిపోయింది."

"ఏంటమ్మా ఆగిపోయింది?"

"గీత. మా నడిమి గదిలో. అది పోయిన మూడోరోజు నుంచీ ఒకటే చప్పుడు, గోడ చుట్టూ. మనిషి కనబడదు, గీత పడదు. చప్పుడే. నేను ఆ గదిలోనే చాప వేసుకుని పడుకుంటున్నాను. భయమెందుకు, నా పిల్లేగా. ఇప్పుడే... ఇందాకే ఆగిపోయింది."

డైరెక్టరు ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు.

"మీ ఇంట్లో ఎనిమిది నెలలుగా... మరి మీరైనా ఆ మాట అనలేకపోయారా అమ్మా?"

"అంటే ఆగిపోతుందిగా."

"దానికి నొప్పి కదా!"

"నొప్పే. వేలు లేకుండా గీస్తుంటే తెలీదా నాకు? మరి నా నొప్పో?" ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చింది. "అన్నం వడ్డించేవాళ్ళకి కూడా చెయ్యి అడ్డం పెట్టాను గానీ ఆ మాట నా నోటమ్మట రానివ్వలేదు. అది ఆగలేదంటే ఎవరూ అనలేదన్నమాట. మీరూ అనలేదన్నమాట. ఇప్పుడు ఎవరన్నారు బాబూ?"



గదిలో బొగ్గు వాసన. అప్పుడే చల్లారిన బొగ్గు మీద నీళ్ళు చల్లితే వస్తుందే, ఆ వాసన. తెర వెలుగు ఒక్కసారి తగ్గి మళ్ళీ పెరిగింది.

"ఎవరైతే చాలంటారో వాళ్ళ చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి పోతానని నవ్వేది," అంటోంది ఫోన్లో తల్లి. "నువ్వు మాత్రం అనకే అమ్మా, నీ ఇంటికి ఎలాగూ వస్తాగా అనేది..."

"ఏమండీ," భార్య గుసగుసలాడింది. "మీ చెయ్యి..."

ఎడమ చేతిలో తడి. చల్లగా. ఆయన మెల్లగా తల దించి చూశాడు. అరచెయ్యి నిండా నలుపు. ఖాళీ చెయ్యే... కానీ చర్మం మీద నాలుగు చోట్ల సొట్టలు పడుతున్నాయి. పడి, లోతవుతున్నాయి. ఎవరివో వేళ్ళు. గరుగ్గా, కొసల్లో ఏమీ లేనట్టు...

విదిలించాడు. రాలేదు. ప్యాంటుకేసి తుడిచాడు. రాలేదు.

"అమ్మా... ఇక్కడుంది. నన్ను... నన్ను పట్టుకుంది!"

"పంపించెయ్యండి బాబూ. నా పిల్లని నాకు పంపించెయ్యండి."

"ఎలా?"

"ఆ రోజు మొదట్లో దానికి ఏం చెప్పారో అదే చెప్పండి. మళ్ళీ మొదలుపెడుతుంది. మొదలుపెడితే వచ్చేది నా దగ్గరికేగా? మీకు పీడా వదులుతుంది. కాగితం పంపండి, చూడక్కర్లేదు, సంతకం పెట్టేస్తాను."

భార్య తల అడ్డంగా ఊపుతోంది. "వద్దండీ... ఇన్నాళ్ళకి ఆగింది పాపం. మళ్ళీనా? మనుషులమేనా మనం? మీ పుణ్యముంటుంది, అనకండి."

ఆ మాటలకి ఆయన చేతిలోని పట్టు బిగిసింది. అది బెదిరింపు కాదు. బడి గుమ్మం దగ్గర చంటిపిల్ల పట్టుకుంటుందే, అలాంటి పట్టు. వెళ్ళను, పంపొద్దు అని. బతిమాలుతోంది. ఆయనకి అర్థమైంది. నూటికి నూరుపాళ్ళూ అర్థమైంది.

అర్థమయ్యే అన్నాడు.

"స్టార్ట్."

చేతిలోని వేళ్ళు వణికాయి. తర్వాత ఒక్కొక్కటే వదిలాయి. చూపుడువేలు... మధ్యవేలు... చిటికెనవేలు చాలాసేపు వదల్లేదు. చివరికి అదీ వదిలింది.

హమ్మయ్య. ఆయన కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నాడు. ముఖమంతా మసి అయింది.

"వచ్చిందా అమ్మా?"





"లేదు బాబూ. చప్పుడు లేదు. గది అలాగే ఉంది."

గర్...

వెనక నుంచి.

ఆయన తిరిగి చూశాడు. భార్య కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ గోడ దగ్గర నిలబడి ఉంది. నుదురు గోడకి ఆనించి. కుడిచేతి చూపుడువేలు గోడ మీద.

"ఏయ్... ఏంటది? ఆటలాడకు. ఇటు రా."

గర్... ఒక అడుగు. గర్... ఇంకో అడుగు. గోరు కింద సున్నం రాలుతోంది.

భుజం పట్టుకుని లాగాడు. ఆవిడ ఆగలేదు, ఆయన్నే రెండడుగులు ఈడ్చుకుపోయింది. పక్కనుంచి ముఖం కనబడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. ఆవిడకి అన్నీ తెలుస్తున్నాయి. పెదాలు మాత్రం కుట్టేసినట్టున్నాయి.

"చాలు!"

గర్...

"చాలు... చాలే! చాలు తల్లీ, చాలు!"

గర్... గర్...

"ఆఁ!" ఫోన్లో తల్లి గొంతు ఒక్కసారిగా వెలిగింది. "వినబడుతోంది! అదే... నా తల్లే. అక్కడే ఉండిపోయిందా? పోనీలే. మీ ఇంట్లోనైతే ఏం? ఫోను మాత్రం పెట్టెయ్యకండి బాబూ. రోజూ కాస్త వినిపించండి."

డైరెక్టరు బల్ల మీద పడి ఫోను అందుకున్నాడు. "అమ్మా, అది మీ అమ్మాయి కాదు! నా భార్య! నేనంటే ఆగట్లేదు, మీరనండి. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, మీరొక్కసారి చాలనండి!"

గొంతు చించుకుని అరుస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. గోడ మీద గీత ముందు తెల్లగా ఉంది. ఇప్పుడు ఎర్రబడుతోంది.

"బాబూ?" అంది తల్లి. "లైన్లోనే ఉన్నారా?"

"ఉన్నాను! చాలనండమ్మా! చాలు!"

"ఏం మాట్లాడరేం? గీత చప్పుడు ఎంత బాగా వినబడుతోందో... మీ గొంతే బొత్తిగా వినబడట్లేదు."

తర్వాత ఫోన్లో చాప పరుచుకుంటున్న అలికిడి వినిపించింది.

గోడ దగ్గర ఆయన భార్య మొదటి మూల తిరిగింది.