జవాబులు మాయమైన ఇంటర్వ్యూ

ఫోన్‌లో ప్రశ్నలున్నాయి. జవాబులు లేవు.

"నాన్నా, నిన్ను బాగా భయపెట్టిన మంట ఏది?" అని కూతురి గొంతు. ఆ తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ ఇంకో ప్రశ్న. మళ్ళీ నిశ్శబ్దం.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని క్రైమ్ బ్రాంచ్ ఇన్‌స్పెక్టర్ మూడోసారి విన్నది. సాయంత్రం నాలుగూ పది. గాజు తలుపు అవతల ఆమె అన్నయ్య. ముప్ఫై ఏళ్ళు ఫైరింజన్ నడిపినవాడు. వచ్చే వారం అనుకున్న ఆపరేషన్‌ని డాక్టర్లు హడావిడిగా నిన్ననే చేసేశారు. స్వరపేటిక తీసేశారు. ఇక మాట్లాడడు.

ఇంట్లో ఫొటోలు బోలెడు. గొంతు మాత్రం ఈ ఒక్క రికార్డింగులోనే ఉంది. మేనకోడలి కాలేజీ గ్రూప్ ప్రాజెక్టు పాడ్‌కాస్ట్ అది.

"వీడే చెరిపేశాడత్తా!" మేనకోడలు ఎదురుగా ఉన్న కుర్రాడి మీదకు వెళ్ళింది. ఎడిటింగ్ చేసింది అతనే. క్లాసులో అందరూ కత్తెర అంటారు. "ఏ పనీ చెయ్యడంలేదని లెక్చరర్‌కి చెప్పానని కక్ష!"

"నోరు ముయ్యవే కాసేపు," అంది ఇన్‌స్పెక్టర్. నిజానికి ఆమెకే ఏడుపు తన్నుకొస్తోంది. అయినా పోలీసు బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఒరిజినల్ ఏదిరా?"

"రికార్డర్ కార్డు ఖాళీ చేసేశాం మేడం. తర్వాతి గ్రూపుకి ఇవ్వాలి. ల్యాబ్ రూలు."

"ఎడిటింగ్‌లో ఏం చేశావు?"

"ఒకళ్ళు మాట్లాడేటప్పుడు రెండోవాళ్ళ మైకు మూశాను. అంతే. ఒట్టు."

"అప్పుడు మా అన్నయ్య గొంతు ఉందా?"

"ఉంది మేడం. ఆయన నవ్వితే నేనూ నవ్వాను."

"దేంతో విన్నావు?"

"ల్యాబ్ హెడ్‌ఫోన్స్."

"లేదని ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారం క్లాసులో. డబ్బా స్పీకర్‌లో పెడితే ఆయన మాట ఒక్కటీ రాలేదు. నాకే మతి పోయింది."

"చెప్పలేదేం?"

"ఆయనకి ఆపరేషన్ అన్నారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఇన్‌స్పెక్టర్ మేనకోడలి వైపు తిరిగింది. "నువ్వు దేంతో విన్నావే?"

"ఫోన్ స్పీకర్‌లో అత్తా. అమ్మకీ వినిపించాలి కదా."

గ్రూపులో మూడోది మైకులు బిగించిన అమ్మాయి. గోడకి అతుక్కుపోయి నిలబడింది.

"మైకు పెట్టింది నువ్వేగా?"

"అవును మేడం. వీళ్ళ నాన్నగారి మైకు వైరు కనబడలేదు. పిన్ను పట్టింది కదా అని వేరే వైరు పెట్టాను. ఇయర్‌ఫోన్స్‌లో బాగానే వినబడింది."

ఇన్‌స్పెక్టర్ దిగ్గున లేచింది.

"వైరున్న ఇయర్‌ఫోన్స్ ఎవరి దగ్గరున్నాయి? తొందరగా ఇవ్వండి!"

కత్తెర జేబులోంచి తీశాడు. ఇన్‌స్పెక్టర్ వాటిని ఫోన్‌కి గుచ్చి, మేనకోడల్ని బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకటి తన చెవిలో, రెండోది మేనకోడలి చెవిలో పెట్టింది. దేవుడా, నా అనుమానం నిజం చెయ్యి, అనుకుంది.

"...మంటకి కాదమ్మా భయం. లోపలెవరో ఉన్నారనీ, నాకు ఆలస్యమైందనీ..."

అన్నయ్య! మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళందరికీ వినబడింది. స్పీకర్‌లో విన్నవాళ్ళెవరికీ వినబడలేదు. మీరు అది తప్ప అన్నీ చూశారు," అంది ఇన్‌స్పెక్టర్. "పోయినేడు ఒక సాక్షి వాంగ్మూలం ఇలాగే మూగబోతే మా ల్యాబ్ వాళ్ళు చెప్పారు. ఆ తప్పు వైరు ఒకే గొంతుని ఒక చెవికి సూటిగా, రెండో చెవికి తిరగేసి పంపుతుంది. విడివిడిగా ఉంటే రెండూ బతుకుతాయి. ఒక్క స్పీకర్‌లో కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. దొంగ లేడు, దొంగతనమూ లేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం."

మేనకోడలు కత్తెర చెయ్యి పట్టుకుంది. "నోటికొచ్చినట్టు తిట్టాను. తప్పయిపోయిందిరా."

అతను తలూపాడు. 

రికార్డింగు ఇంకా నడుస్తోంది. అత్తా మేనకోడలూ చివరిదాకా విన్నారు.

"నాన్నా, ఇంకా చాలా అడగాలి."

"గొంతు పట్టేస్తోందే. మిగతావి ఆదివారం చెప్తాలే. నేనెక్కడికి పోతాను?"

ఆ ఆదివారం ఇవాళే.

మేనకోడలు మొహం తుడుచుకుని లేచింది. మిగిలిపోయిన ప్రశ్నల్ని అవుననో కాదనో తలూపితే సరిపోయేలా మార్చుకుంటూ తలుపు తోసి లోపలికి వెళ్ళింది.