ఆదిశేషమ్మ ఇంటిపన్ను

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తల్లో మాట. మైపాడులో పేరమ్మ మేనత్త ఆదిశేషమ్మ చచ్చిపోయింది. బిడ్డాపాపా లేని మనిషి. ఆమె పూరిల్లు పేరమ్మకి వచ్చింది, దాంతోపాటు ఇంటిపన్నూ వచ్చి పడింది. కట్టకపోతే తలుపులు ఊడబీక్కొని పోతామన్నారు. చేపల తట్ట మోసుకునే మనిషి రెండిళ్ళకి పన్ను ఎక్కణ్ణుంచి తెస్తుంది?

“మనుషులు లేని ఇంటికి మాఫీ ఉంది పేరమ్మా. ఖాళీగా ఉందని నా కంటితో చూస్తే రాసిస్తా,” అన్నాడు పంచాయతీ గుమాస్తా కామాక్షయ్య.

అదెంత పని అనుకుంది పేరమ్మ. ఖర్మ! ఆయన మొదటిసారి వచ్చిన రోజు, తాళం వేసిన ఇంటి వాకిట్లో తడారని కళ్ళాపి, దానిమీద ముగ్గు. రెండోసారి కప్పు సందుల్లోంచి పొగ, చేపలపులుసు వాసన. తాళం తీసి చూస్తే మనిషి లేదు, పొయ్యి మాత్రం వెచ్చగా ఉంది.

“ఎవర్నో అద్దెకి పెట్టి నాతో ఆటలాడతా ఉండావా? ఇంకొక్కసారి వస్తా, అంతే!” అని గయ్యిమన్నాడు కామాక్షయ్య. పేరమ్మకి భయం కంటే ముందు ఒళ్ళు మండింది.

మూడోసారి ఆయన వచ్చే రోజు, చంటిదాన్ని మొగుడి దగ్గర వదిలి, మధ్యాహ్నం నుంచే గడప ముందు కాపలా కూర్చుంది. పొద్దు వాలింది. ఎండుచేపల వాసన, సముద్రం హోరు. అంతే... అప్పుడు వినిపించింది. తాళం వెనక, లోపల, రోట్లో ఎవరో పచ్చడి నూరుతున్నారు. గరగరా... ఆగి, మళ్ళీ గరగరా...

పేరమ్మ దిగ్గున లేచింది. కోపం ఆగలేదు. తలుపు సందుకి నోరానించి గుసగుసగా అంది.

“అత్తా... బతికినన్నాళ్ళూ నీకు కూడు మోసినా. చచ్చి కూడా నన్ను ఏడిపిస్తావేంది? నీకు దణ్ణం పెడతా. ఈ ఇల్లొదిలి ఎక్కడికన్నా పో!”

రోలు ఆగింది. లోపల ఎవరో లేచారు. తరవాత... ఏమీ లేదు.

కామాక్షయ్య వచ్చి మూలమూలా చూశాడు. పొయ్యి చల్లగా ఉంది. రోట్లో దుమ్ము. “ఖాళీయే,” అని మాఫీ రాసిచ్చాడు. పేరమ్మకి ప్రాణం లేచొచ్చింది. మొగుడికి చెప్పాలని గబగబా ఇంటికి నడిచింది.

“ఏమయ్యా! మాఫీ అయింది!” వాకిట్లోనే కేకేసింది.

రమణయ్య గుమ్మంలోకి వచ్చాడు. అత్త పాడె మోసిన నలుగురిలో ఆయనా ఒకడు. నోటిమీద వేలు పెట్టుకున్నాడు.

“అరవబాకే... మీ అత్త బిడ్డని నిద్రపుచ్చతా ఉంది. ఇల్లొదిలి పొమ్మన్నావంట గదా, ముసలిది ఇంకెక్కడికి పోతుంది?”

లోపల చంటిది గుక్కపట్టి ఏడుస్తా ఉంది. ఎవరో జోకొడుతున్నారు. మెల్లగా... మెల్లగా...

ఏడుపు టక్కున ఆగిపోయింది.